సికిల్ సెల్: జన్యువును నిజంగా దిద్దారా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం సికిల్ సెల్ వ్యాధి, దానికి వచ్చిన క్రిస్పర్ (జన్యువును కోరిన చోట కత్తిరించే పద్ధతి) చికిత్స గురించే. అందుకని ఈసారి శీర్షిక మొత్తం వాటికే కేటాయించాం.

ప్రశ్న: మా అన్నయ్య కొడుకుకు పదహారేళ్లు. సికిల్ సెల్ ఉంది. విదేశాల్లో జన్యువును కత్తిరించి ఈ జబ్బును నయం చేస్తున్నారని టీవీలో చూశాం. జన్యువులో తప్పు దిద్దేశారంటే రేపు వాడి పిల్లలకు కూడా రాదనే కదా? మనవాళ్లకు ఆ వైద్యం దొరుకుతుందా?
– ఒక ఉపాధ్యాయుడు, ఉట్నూరు

జవాబు: తప్పును దిద్దలేదండీ. చాలా వార్తల్లో పొరపాటు జరిగింది ఇక్కడే. అందుకే కాస్త వివరంగా చెబుతాం.

సికిల్ సెల్‌లో ఉన్న తప్పు డీఎన్‌ఏలో ఒకే ఒక్క అక్షరం. 11వ క్రోమోజోమ్ మీద బీటా గ్లోబిన్ జన్యువులో జీఏజీ అని ఉండాల్సిన చోట జీటీజీ అని ఉంటుంది. దాంతో 146 అమైనో ఆమ్లాల గొలుసులో ఆరో చోట గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ చేరుతుంది. ఆక్సిజన్‌ను వదిలేసిన హిమోగ్లోబిన్ అణువులు ఆ వాలీన్ దగ్గర ఒకదానికొకటి అతుక్కుని పొడవాటి పోగులవుతాయి. ఎర్రకణం కొడవలిలా వంగి, బిరుసెక్కి, సన్నటి రక్తనాళాల్లో అడ్డం పడుతుంది. పిల్లవాడు ఎముకలు పట్టుకుని ఏడ్చే నొప్పికి కారణం ఇదే.

2023 నవంబర్ 16న బ్రిటన్, డిసెంబర్ 8న అమెరికా అనుమతించిన కాస్‌జెవీ అనే చికిత్స ఆ అక్షరం జోలికే పోదు. అది కత్తిరించేది 2వ క్రోమోజోమ్ మీద, బీసీఎల్11ఏ అనే జన్యువులో. తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డ రక్తంలో ఫీటల్ హిమోగ్లోబిన్ ఉంటుంది. అందులో బీటా గొలుసు ఉండదు, దాని స్థానంలో గామా గొలుసు ఉంటుంది. కాబట్టి సికిల్ తప్పు దాన్ని తాకదు. పైగా అది పోగులు కట్టడాన్ని అడ్డుకుంటుంది. పుట్టిన కొన్ని నెలలకు గామా జన్యువులు మూతపడతాయి. ఆ మూత వేసేది బీసీఎల్11ఏ ప్రొటీన్ అని 2008లో బోస్టన్‌లో స్టువర్ట్ ఆర్కిన్, విజయ్ శంకరన్ బృందం చూపించింది. ఆ మూతను తీసేస్తే ఫీటల్ హిమోగ్లోబిన్ మళ్లీ తయారవుతుందన్న ఆలోచన మీదే ఈ చికిత్స నిలబడింది.

మరి జన్యువును పూర్తిగా పాడుచేస్తే సరిపోదా? సరిపోదు. మెదడు కణాలకు, తెల్లకణాల్లో బీ కణాలకు, మూలకణాలకు బీసీఎల్11ఏ కావాలి. అందుకని జన్యువును వదిలేసి, ఎర్రకణాల్లో మాత్రమే దాన్ని నడిపించే ఒక చిన్న స్విచ్ లాంటి భాగాన్ని కత్తిరిస్తారు. గాటా1 అనే ప్రొటీన్ వచ్చి అతుక్కునే చోటు అది. కణం ఆ తెగిన చోటును తనే అతుకుతుంది, కానీ అతుకు సరిగ్గా పడదు, గాటా1కు ఇక అక్కడ పట్టు దొరకదు. ఈ అతుకు సరిగా పడకపోవడమే ఇక్కడ మనకు కావలసింది. మాలిక్యులర్ బయాలజీలో ఇంత అందమైన ఉపాయాలు అరుదు.

మార్పు జరిగేది మూలుగలోని రక్త మూలకణాల్లోనే. వీర్యకణాలు, అండాలు ఎప్పటిలాగే ఉంటాయి. వాటిలో సికిల్ జన్యువులు రెండూ అలాగే ఉన్నాయి కాబట్టి చికిత్స తీసుకున్న వ్యక్తి పిల్లలందరికీ ఒక సికిల్ జన్యువు తప్పకుండా వెళ్తుంది. భాగస్వామి క్యారియర్ (ఒకే ఒక్క సికిల్ జన్యువు ఉండి జబ్బు లేనివారు) అయితే ప్రతి కాన్పులోనూ వ్యాధి వచ్చే అవకాశం 50 శాతం. నయమైందని పెళ్లికి ముందు పరీక్ష మానేస్తే తర్వాతి తరం బాధపడుతుంది.

చికిత్స ఒక ఇంజెక్షన్‌తో అయిపోదు. రోజూ వేసుకునే హైడ్రాక్సీయూరియా మందు ఆపి, కనీసం రెండు నెలలపాటు రక్తం మార్పిడి చేస్తూ హిమోగ్లోబిన్ ఎస్‌ను (సికిల్ రకం హిమోగ్లోబిన్‌ను) 30 శాతం లోపుకు తెస్తారు. తర్వాత ప్లెరిక్సాఫర్ అనే మందుతో మూలకణాలను మూలుగ నుంచి రక్తంలోకి రప్పించి యంత్రంతో సేకరిస్తారు. మిగతా రోగుల్లో ఇందుకు వాడే జీసీఎస్‌ఎఫ్ మందు సికిల్ రోగికి ఇవ్వకూడదు. తెల్లకణాలు ఒక్కసారిగా పెరిగి తీవ్రమైన నొప్పి సంక్షోభం, మరణం కూడా సంభవించిన సందర్భాలున్నాయి. సేకరించిన కణాల్లోకి కరెంటు షాక్‌తో డీఎన్‌ఏను కత్తిరించే క్యాస్9 ప్రొటీన్‌ను, దానికి దారి చూపే ఆర్‌ఎన్‌ఏను పంపుతారు. కిలో బరువుకు కనీసం 30 లక్షల సీడీ34 కణాలు (రక్త మూలకణాలు) తిరిగి ఎక్కించాలి. ఏదైనా తేడా వస్తే రోగిని కాపాడడానికి మార్చని కణాలు మరో 20 లక్షలు దాచిపెట్టాలి. ఎక్కువగా ఇబ్బంది వచ్చేది ఇక్కడే. ఒక విడతలో చాలినన్ని కణాలు దొరకవు, రెండు మూడు విడతలు సేకరించాల్సి వస్తుంది. తయారీకి, పరీక్షలకు ఆరు నెలల దాకా పడుతుంది. చివరగా నాలుగు రోజులు బుసల్ఫాన్ అనే కీమో మందు ఇచ్చి పాత మూలుగను ఖాళీ చేసి, కొత్త కణాలు ఎక్కిస్తారు. తెల్లకణాలు కోలుకోవడానికి దాదాపు నాలుగు వారాలు. అంతవరకు ఏ చిన్న ఇన్ఫెక్షన్ అయినా ప్రమాదమే. బుసల్ఫాన్ వల్ల సంతానం కలగకపోవచ్చు, కాబట్టి వీర్యం లేదా అండాలు ముందే భద్రపరచాలి. పదహారేళ్ల కుర్రాడి విషయంలో ఈ సంగతి అతనితోనే నేరుగా మాట్లాడాలి.

ఫలితం మాత్రం గొప్పది. అమెరికా అనుమతికి ఆధారమైన అధ్యయనంలో ఏడాదికి పైగా గమనించిన 31 మందిలో 29 మందికి వరుసగా 12 నెలలు తీవ్రమైన నొప్పి సంక్షోభం ఒక్కటీ రాలేదు. అమెరికాలో మందు ధర 22 లక్షల డాలర్లు, అంటే 18 కోట్ల రూపాయల పైమాట. ఆసుపత్రి ఖర్చు వేరే. మన దేశంలో ఢిల్లీలోని ఐజీఐబీ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ సొంతంగా రూపొందించిన బిర్సా 101 అనే క్రిస్పర్ చికిత్సను 2025 నవంబర్‌లో ప్రకటించారు. తయారీ కోసం ఆ సాంకేతికతను సీరం ఇన్‌స్టిట్యూట్‌కు ఇచ్చారు. ప్రకటనకూ, జిల్లా ఆసుపత్రిలో మందు అందడానికీ మధ్య రోగులపై పరీక్షలనే పొడవాటి దారి ఉంది. ఈలోగా మీరు చేయదగ్గ పని ఒకటుంది. కుర్రాడికి సొంత అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే దాతగా సరిపోతారా అని చూసే హెచ్‌ఎల్‌ఏ పరీక్ష చేయించండి. ఒక్కొక్కరిది పూర్తిగా సరిపోయే అవకాశం 25 శాతం. సరిపోయి, వారికి వ్యాధి లేకపోతే, మూలుగ మార్పిడి మన దేశంలోనే జరుగుతుంది. క్యారియర్ అయిన తోబుట్టువు కూడా దాత కావచ్చు. అవయవాలు దెబ్బతినకముందే, చిన్న వయసులో చేస్తేనే ఫలితం బాగుంటుంది.

ప్రశ్న: మా కేంద్రంలో సాల్యుబిలిటీ పరీక్ష చేస్తాం, రక్తం కలిపిన ద్రావణం మసకబారితే సికిల్ ఉన్నట్టు. కొందరికి నెగెటివ్ అని చెప్పి పంపాక పెద్ద ఆసుపత్రిలో సికిల్ ఉందని తేలుతోంది. తప్పు ఎక్కడ జరుగుతోంది?
– ల్యాబ్ టెక్నీషియన్, పాడేరు

జవాబు: ముందు చూడాల్సింది రోగి వయసు. ఆరు నెలల లోపు బిడ్డకు ఈ పరీక్ష చేయనే కూడదు. రక్తం నిండా ఫీటల్ హిమోగ్లోబిన్ ఉంటుంది, హిమోగ్లోబిన్ ఎస్ ఇంకా తక్కువ, ద్రావణం తేటగానే కనిపిస్తుంది. అలాంటి బిడ్డల నమూనాను హిమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ పరీక్షకు పంపాలి.

రెండోది రక్తహీనత. మామూలుగా 2 మి.లీ. రీఏజెంట్‌లో 20 మైక్రోలీటర్ల రక్తం కలిపి, 5 నిమిషాలు ఆగి, వెనక గీతల కార్డు పెట్టి చూస్తారు కదా. హిమోగ్లోబిన్ 7 కంటే తక్కువ ఉన్నవాళ్లలో ఆ 20 మైక్రోలీటర్లలో ఉండే హిమోగ్లోబిన్ మొత్తమే చాలదు. రక్తాన్ని రెట్టింపు, అంటే 40 మైక్రోలీటర్లు తీసుకోండి. గత మూడు నాలుగు నెలల్లో రక్తం ఎక్కించుకున్నారా అని ప్రతి ఒక్కరినీ అడిగి రిజిస్టర్‌లో రాయండి. ఎక్కించిన దాత రక్తం సికిల్‌ను కప్పేస్తుంది.

మూడోది రీఏజెంట్. అందులోని సోడియం డైథయనైట్ పని హిమోగ్లోబిన్ నుంచి ఆక్సిజన్ లాగేయడం. గాలి, తేమ, వేడి తగిలితే అదే ముందుగా పాడవుతుంది, ఆ తర్వాత ప్రతి నమూనా నెగెటివే వస్తుంది. సీసా మూత తీసి పెట్టుకుని శిబిరమంతా వాడితే మధ్యాహ్నానికి నమ్మకం పోతుంది. కలిపిన రీఏజెంట్‌ను 2 నుంచి 8 డిగ్రీల దగ్గర ఉంచండి, కానీ ఫ్రిజ్ నుంచి తీసిన వెంటనే వాడకండి, గది వేడికి రానివ్వండి. రోజూ పని మొదలుపెట్టేముందు తెలిసిన పాజిటివ్ ఒకటి, తెలిసిన నెగెటివ్ ఒకటి పెట్టండి. పాజిటివ్ కంట్రోల్ మసకబారకపోతే ఆ సీసా పారేయాలి, ఆ సీసాతో చేసిన నెగెటివ్‌లన్నీ మళ్లీ చేయాలి.

రక్తంలో కొవ్వు ఎక్కువైనా, కొన్ని ప్రొటీన్లు పెరిగినా గీతలు కనబడకుండా పోయి తప్పుడు పాజిటివ్ వస్తుంది. నిజమైన పాజిటివ్ అయినా క్యారియరా, వ్యాధిగ్రస్తుడా అన్నది ఈ పరీక్ష చెప్పలేదు. దయచేసి గొట్టం చూసి ఎవరికీ 'మీకు జబ్బు ఉంది' అని చెప్పకండి. ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా ఆపే రసాయనం) ఉన్న గొట్టంలో 2 మి.లీ. రక్తం తీసి, ఎనిమిది పది సార్లు మెల్లగా తలకిందులు చేసి, చల్లగా ఉంచి హెచ్‌పీఎల్‌సీకి పంపండి. మంచులా గడ్డకట్టనివ్వొద్దు, ఐస్ ముక్కలకు నేరుగా తాకనివ్వొద్దు. క్యారియర్‌లో హిమోగ్లోబిన్ ఎస్ సాధారణంగా 35 నుంచి 40 శాతం, మిగతా ఎక్కువ భాగం హిమోగ్లోబిన్ ఏ, అంటే మామూలు రకం. రెండూ సికిల్ జన్యువులే ఉన్న వ్యాధిగ్రస్తుల్లో, రక్తం ఎక్కించుకుని ఉండకపోతే, హిమోగ్లోబిన్ ఏ ఉండదు.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటున్నాం. పాప పుట్టాక వచ్చిన రిపోర్టులో 'ఎఫ్ఏఎస్' అని ఉంది. మావైపు ఎవరికీ ఈ జబ్బు లేదు. భయంగా ఉంది.
– ఒక తల్లి

జవాబు: భయపడకండి. ఆ అక్షరాలు ఏ హిమోగ్లోబిన్ ఎక్కువో ఆ వరుసలో రాస్తారు. ఎఫ్ అంటే ఫీటల్, పుట్టిన ప్రతి బిడ్డలోనూ అదే ముందుంటుంది. తర్వాత ఏ, ఆ తర్వాత ఎస్ ఉంటే పాప క్యారియర్ మాత్రమే, రోగి కాదు. 'ఎఫ్ఎస్' అని వస్తే వ్యాధి అయ్యే అవకాశం ఎక్కువ. 'ఎఫ్ఎస్ఏ' అని ఎస్ ముందుకొస్తే సికిల్ బీటా ప్లస్ థలసీమియాను (ఒక సికిల్ జన్యువు, బీటా గొలుసును తక్కువగా తయారుచేసే ఒక థలసీమియా జన్యువు కలిసిన వ్యాధిని) అనుమానించాలి. ఆ రెండింట్లోనూ రెండో పరీక్ష ఆలస్యం చేయకూడదు. మీ విషయంలో తల్లిదండ్రుల్లో కనీసం ఒకరు క్యారియర్ అయి ఉంటారు. క్యారియర్లకు సాధారణంగా ఏ బాధా ఉండదు కాబట్టి కుటుంబంలో ఎవరికీ తెలియకపోవడం మామూలే. ఇద్దరూ హెచ్‌పీఎల్‌సీ చేయించుకోండి, రెండో కాన్పుకు ముందు అది చాలా అవసరం.

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్లు. హైడ్రాక్సీయూరియా రోజూ వేయమన్నారు. అది క్యాన్సర్ మందట కదా? రెండు వారాలు వేసినా నొప్పులు తగ్గలేదు, ఆపేశాం.
– ఒక తల్లి, భద్రాచలం

జవాబు: అమ్మా, మళ్లీ మొదలుపెట్టండి, అయితే డాక్టర్‌కు చెప్పి రక్తపరీక్ష చేయించాకే. కొన్ని రక్త క్యాన్సర్లలో ఈ మందు వాడతారన్నది నిజమే. మీ బాబుకు ఇచ్చేది వేరే పని కోసం. ఇది కూడా ఫీటల్ హిమోగ్లోబిన్‌నే పెంచుతుంది. కోట్ల రూపాయల జన్యు చికిత్స చేసే పనిలో కొంత భాగాన్ని ఈ క్యాప్సూల్ చేస్తుంది. 1995లో వెలువడిన అమెరికా అధ్యయనంలో పెద్దవాళ్లలో నొప్పి సంక్షోభాలు దాదాపు సగానికి తగ్గాయి.

రెండు వారాల్లో ఏమీ తెలియదు. ఫీటల్ హిమోగ్లోబిన్ పెరగడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. రోజూ వేస్తున్నారా లేదా అన్నది రక్తపరీక్షలో ఎంసీవీ (ఎర్రకణం సగటు పరిమాణం) అనే అంకె చెబుతుంది, మందు పడుతుంటే అది పెరుగుతూ పోతుంది. పిల్లలకు సాధారణంగా కిలో బరువుకు రోజుకు 20 మి.గ్రా. దగ్గర మొదలుపెడతారు. నాగ్‌పూర్‌లో మన పిల్లలపై చేసిన అధ్యయనాల్లో కిలోకు 10 మి.గ్రా. స్థిరమైన మోతాదు కూడా పనిచేసింది. బరువు పెరిగినకొద్దీ మోతాదు మారాలి. రెండేళ్ల కిందటి చీటీతోనే మందు కొంటూ ఉంటే అది చాలక నొప్పులు తిరగబెడతాయి.

మొదట్లో నెలకు రెండుసార్లు, మోతాదు కుదిరాక రెండు మూడు నెలలకోసారి రక్తకణాల లెక్క చూడాలి. న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్లకణాలు) 1,250 కంటే, ప్లేట్‌లెట్లు 80,000 కంటే తగ్గితే డాక్టర్ మందు ఆపి, కణాలు కోలుకున్నాక మళ్లీ ఇస్తారు. ఆ ఆపడం మందు విఫలమైనట్టు కాదు. క్యాప్సూల్‌ను ఒట్టి చేతులతో విప్పకండి, ఇంట్లో గర్భిణి ఉంటే ఆమె చేత ముట్టించకండి. బాబుకు 101 డిగ్రీలు దాటి జ్వరం వస్తే ఇంట్లో మాత్ర వేసి చూద్దామనుకోవద్దు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. వీళ్లకు ప్లీహం సరిగా పనిచేయదు, నిమోనియా బాక్టీరియా గంటల్లోనే ముదురుతుంది. ఆ బాక్టీరియాకు వేసే న్యుమోకాకల్ టీకా పడిందో లేదో చూసుకోండి. దాంతోపాటు రాసిచ్చే ఫోలిక్ ఆమ్లం మాత్రను మానొద్దు. ఎర్రకణాలు త్వరత్వరగా చచ్చిపోతుంటే కొత్తవి తయారవడానికి అది కావాలి. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో కృత్రిమంగా తయారుచేసిన అమెరికా మందుల కంపెనీ లెడర్లే బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే.

ప్రశ్న: సికిల్ క్యారియర్‌కు మలేరియా రాదంటారు. అయితే దోమతెర అక్కర్లేదా?
– పాఠకుడు, రంపచోడవరం

జవాబు: దోమతెర కట్టుకోవాలి. క్యారియర్లకు ఫాల్సిపారం అనే ప్రమాదకర రకం మలేరియా ప్రాణాంతకంగా ముదరడం చాలా తక్కువ. మలేరియా ఉన్న ప్రాంతాల్లో ఈ జన్యువు తరతరాలుగా నిలిచింది అందుకే. అంతమాత్రాన మలేరియా రాదని కాదు. వ్యాధి ఉన్నవాళ్లకైతే ఈ రక్షణ అసలు ఉపయోగపడదు, మలేరియా వాళ్ల రక్తహీనతను ఒక్కసారిగా ప్రమాదంలోకి నెడుతుంది.

ప్రశ్న: ఎమ్మెస్సీ ప్రాజెక్టులో సికిల్ మార్పును పీసీఆర్ (డీఎన్‌ఏ ముక్కకు నకళ్లు పెంచే పద్ధతి), డీడీఈ1 ఎంజైమ్‌తో చూస్తున్నాను. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల నమూనాలు కూడా క్యారియర్‌లా కనిపిస్తున్నాయి. ఏం చేయాలి?
– విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: దాదాపు ఖాయంగా కోత సగంలో ఆగిపోతోంది. డీడీఈ1 సీటీఎన్ఏజీ అనే వరుసను కోస్తుంది, ఎన్ స్థానంలో ఏ అక్షరమైనా సరే. మామూలు జన్యువులో సీటీజీఏజీ ఉంది, తెగుతుంది. సికిల్‌లో ఆ ఏ కాస్తా టీ అయింది, తెగదు. ఎంజైమ్ సగం డీఎన్‌ఏను వదిలేస్తే ముక్కలను పొడవును బట్టి విడదీసే జెల్‌లో మామూలు మనిషికి కూడా తెగని పట్టీ మిగిలి, అచ్చం క్యారియర్‌లా కనిపిస్తాడు.

10 మైక్రోలీటర్ల పీసీఆర్ ఉత్పత్తికి 5 నుంచి 10 యూనిట్ల ఎంజైమ్ వేసి 37 డిగ్రీల దగ్గర కనీసం మూడు గంటలు, వీలైతే రాత్రంతా ఉంచండి. ఎంజైమ్ గ్లిసరాల్‌లో వస్తుంది, వేసిన ఎంజైమ్ మొత్తం ద్రావణంలో పదో వంతు మించితే కోత దెబ్బతింటుంది. పీసీఆర్ ఉత్పత్తి మరీ చిక్కగా ఉంటే తగ్గించి వేయండి. ప్రైమర్లు ఎంచుకునేటప్పుడే, ముక్కలో ఎవరిలోనైనా మారకుండా ఉండే మరో డీడీఈ1 చోటు ఉండేలా చూసుకోవడం తెలివైన పని. అక్కడ కూడా తెగని డీఎన్‌ఏ కనిపిస్తే తప్పు ఎంజైమ్‌దని, నమూనాది కాదని వెంటనే తెలుస్తుంది. చిన్న ముక్కలు విడివిడిగా కనబడాలంటే జెల్ 3 శాతం ఉండాలి. ప్రతి జెల్‌లో హెచ్‌పీఎల్‌సీతో ఖాయమైన మూడు రకాల నమూనాలూ, డీఎన్‌ఏ వేయని గొట్టం ఒకటీ పెట్టండి. రక్తాన్ని హెపారిన్ గొట్టంలో సేకరించి ఉంటే పీసీఆరే అడ్డం తిరుగుతుంది, ఈడీటీఏ వాడండి.

ప్రశ్న: 2025లో అమెరికాలో కేజే అనే పసివాడికి ఒక్కడి కోసమే జన్యు మందు తయారుచేసి సెలైన్‌లా ఎక్కించారట. సికిల్‌కు కూడా అలా ఎందుకు చేయరు?
– డిగ్రీ విద్యార్థి, వరంగల్

జవాబు: కేజేకు ఉన్నది సీపీఎస్1 లోపం, అమోనియాను శరీరం వదిలించుకోలేని కాలేయ సమస్య. ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో 2025 ఫిబ్రవరిలో మొదటి మోతాదు ఇచ్చారు. కొవ్వు బిందువుల్లో చుట్టి రక్తంలోకి వదిలిన మందు దానంతటదే కాలేయంలో పోగవుతుంది, అది ఆ బిందువుల స్వభావం. మూలుగలో దాక్కున్న మూలకణాల దగ్గరకు చాలినంత మందును అలా చేర్చడమే పెద్ద అడ్డంకి. అందుకే సికిల్‌లో కణాలను బయటికి తీయాల్సి వస్తోంది, బుసల్ఫాన్ బాధ అంతా దానివల్లే. ఆ బిందువులకు మూలకణాలను గుర్తుపట్టే యాంటీబాడీలు తగిలించే ప్రయోగాలు జరుగుతున్నాయి. మన ప్రాంతాలకు నిజంగా పనికొచ్చేది ఆ దారేనని మా అభిప్రాయం.

అక్షరాన్ని దిద్దే సంగతి కూడా చెప్పాలి. కేజేకు వాడిన బేస్ ఎడిటర్లు డీఎన్‌ఏను రెండు పోగులూ తెంచకుండా ఒక అక్షరాన్ని మారుస్తాయి, కానీ అన్ని మార్పులూ చేయలేవు. సికిల్‌లో టీని తిరిగి ఏగా మార్చాలి, అది వాటికి చేతకాదు. టీని సీగా మార్చగలవు. అప్పుడు జీటీజీ కాస్తా జీసీజీ అయి, వాలీన్ బదులు అలనీన్ వస్తుంది. అలాంటి హిమోగ్లోబిన్ మనుషుల్లో సహజంగానే ఉంది, పేరు మకాసర్, కొడవలి కట్టదు. 2021లో అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ లియూ బృందం ఎలుకల్లో ఈ మార్పు చేసి చూపింది. అసలు అక్షరాన్నే తిరిగి రాయగల ప్రైమ్ ఎడిటింగ్ 2019లో వచ్చింది.

ప్రశ్న: నేను సికిల్ క్యారియర్‌ని. మేనబావతో సంబంధం అనుకుంటున్నారు. ఆయన సాల్యుబిలిటీ పరీక్ష నెగెటివ్. చేసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఆ ఒక్క పరీక్షతో నిర్ణయించకండి. సాల్యుబిలిటీ పరీక్షకు బీటా థలసీమియా క్యారియర్ కనబడడు. మీ సికిల్ జన్యువు, ఆయన థలసీమియా జన్యువు బిడ్డలో కలిస్తే సికిల్ బీటా థలసీమియా వస్తుంది, అది కూడా తీవ్రమైన వ్యాధే. అవకాశం ప్రతి కాన్పులో 25 శాతం. మీరు పెళ్లికి సరేననేముందు ఆయనకు హెచ్‌పీఎల్‌సీ చేయించండి. హిమోగ్లోబిన్ ఏ2 (అందరిలోనూ కొద్దిగా ఉండే మరో రకం) 3.5 శాతం దాటితే థలసీమియా క్యారియర్ అని అనుమానించాలి. ఐరన్ లోపం ఉంటే ఏ2 తగ్గి మోసం చేస్తుంది, కాబట్టి రక్తహీనత ఉంటే ఐరన్ వాడి సరిచేశాక మళ్లీ చూడాలి. ఇద్దరూ క్యారియర్లని పెళ్లి తర్వాత తెలిసినా దారి మూసుకుపోదు. గర్భం 11 నుంచి 13 వారాల మధ్య మావి నుంచి చిన్న ముక్క తీసి డీఎన్‌ఏ పరీక్ష చేయవచ్చు. ఆ ముక్కకు తల్లి కణాలు అంటుకుంటే ఫలితం తప్పుతుంది. అందుకని తల్లి రక్తం, తండ్రి రక్తం కూడా ఈడీటీఏ గొట్టాల్లో వెంట పంపాలి, ఇద్దరి మార్పులూ గర్భానికి ముందే డీఎన్‌ఏ స్థాయిలో గుర్తించి ఉంచాలి. గర్భం వచ్చాక మొదలుపెడితే ఆ రెండు వారాల వ్యవధి చేజారిపోతుంది.